దమ్ పట్టేదాన్ని నేను

నేను ఒక దుదుక్‌ని. ఆర్మేనియా దేశపు ఊదుడు వాద్యాన్ని. మీ సన్నాయికి దూరపు చుట్టాన్ననుకోండి. కాకపోతే దానిలా ఊరంతా వినబడేట్టు గొంతెత్తను, మెత్తగా, లోలోపల మూలిగినట్టు పలుకుతాను. దుదుక్ వినగానే కళ్ళు మూసుకుని “ఆహా” అంటూ తలలూపే పెద్దమనుషుల్ని ఎంతమందిని చూశానో! వాళ్ళు తలూపింది నాకు కాదు, మా అన్నకు. ఆ కడుపుమంట చెప్పుకుందామనే ఇవాళ నోరు విప్పాను.

మా ఇద్దరిదీ ఒకటే పుట్టుక. అరారత్ మైదానంలోని ఒక పల్లెలో, కాపు ఉడిగిపోయిన ఆప్రికాట్ చెట్టును కొట్టి, దుంగను ఏళ్ళ తరబడి చూరు కింద ఆరబెట్టి, మెలిక్ తాత మమ్మల్ని చెక్కాడు. ఒకే దుంగ, ఒకే ఉలి, ఒకే కొలత. అయినా అన్న పాట పలుకుతాడు, నేను దమ్ పడతాను. దమ్ అంటే పాట కింద తెగకుండా సాగే ఒకే ఒక్క స్వరం, మీ మేళంలో శ్రుతి లాగా. అది పట్టే మనిషి బుగ్గల నిండా గాలి దాచుకుని, ముక్కుతో పీలుస్తూనే నోటితో ఊదుతూ ఉండాలి. మధ్యలో తెగిందా, పాట కాళ్ళ కింద నేల కదిలిపోయినట్టే. ఇంత చాకిరీ చేసినా నా పేరెత్తే నాథుడు లేడు!

ఆ ఇంట్లో చదువు కూడా దమ్‌తోనే. ఎవరినీ కూర్చోబెట్టి పాట నేర్పరు. దమ్ పట్టినవాళ్ళు పక్కనే ఉండి ఏళ్ళకేళ్ళు పాటంతా చెవిలో నింపుకోవాలి. ఒకనాడు పెద్దవాడు తనంతట తానే పాట వాళ్ళకు వదిలి, తను దమ్ అందుకుంటాడు. మెలిక్ తన కొడుకు సెరోబ్‌కు పాట ఇచ్చింది అలాగే. సెరోబ్ నన్ను ఊదీ ఊదీనే అంతవాడయ్యాడు. పాట చేతికొచ్చిందో లేదో, నా మొహం చూడడం మానేశాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కదా!

నన్ను అందుకున్నది అతని కూతురు నాజెలి. పగలంతా రొట్టెల బట్టీ దగ్గర సెగలో నిలబడే మనిషి. పెళ్ళనీ చావనీ కబురొస్తే, చేతుల పిండి కడుక్కుని తండ్రి వెంట బయల్దేరేది. జనం వచ్చి సెరోబ్ భుజం తట్టేవారు. “ఎంత ఏడిపించావయ్యా సెరోబ్!” అనేవారు. పక్కనున్న నాజెలిని చూసి, “ఈ అమ్మాయెవరు, సంచి మోయడానికి వచ్చిందా?” అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆమె నవ్వి ఊరుకునేది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. నా బతుకు ఎలాగూ ఒంటి స్వరానికే అంకితం, ఆ పిల్లకేం ఖర్మ? తాత పాటలన్నీ ఆమె చెవిలో ఉన్నాయి. బట్టీ దగ్గర ఎవరూ లేనప్పుడు నన్ను తీసి ఒక్కో పాట మొదలుపెట్టేది. అలికిడైతే చాలు, చటుక్కున ఆపేసేది.

మెలిక్ తాత పోయాడు. ఏడాది తిరిగి వస్తుండగా నాజెలి తండ్రిని అడిగింది.

“నాన్నా, తాత సంవత్సరీకానికి పాట నేను వాయిస్తాను. దమ్ నువ్వు పట్టు.”

సెరోబ్ చెంబెడు నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. “మన వంశంలో ఆడవాళ్ళు పాట వాయించలేదమ్మా. దమ్ పట్టనిచ్చాను, అదే ఎక్కువ.”

అదే ఎక్కువట! ఇన్నేళ్ళూ ఎవరి ఊపిరి మీద నిలబడి పేరు తెచ్చుకున్నాడో పెద్దమనిషి!

అంతటితో ఆగాడా? పట్నం వెళ్ళి అన్నం గిన్నెంత యంత్రం ఒకటి తెచ్చాడు. మీట నొక్కితే చాలు, దమ్ దానంతటదే మోగుతుంది. “ఇది అలగదు, అలిసిపోదు, ఎదురు చెప్పదు” అని మురిసిపోయాడు. నన్ను తీసుకెళ్ళి ముందు గదిలో గోడకు, ఎండుమిరపకాయల దండ పక్కన, మేకుకు వేలాడదీశాడు. వచ్చినవాళ్ళకు చూడ్డానికి బాగుంటుందట. చూడ్డానికి! ఊదే కొయ్యను చూసి ఏం చేసుకుంటారు, మీ బొంద?

నాజెలి యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “మన వంశంలో డబ్బాలు కూడా దమ్ పట్టలేదు నాన్నా” అంది. అయినా సెరోబ్ పట్టు వదల్లేదు.

సంవత్సరీకం నాడు కొండ పక్కన శ్మశానంలో చుట్టాలూ ఊరివాళ్ళూ చేరారు. మంచు మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తోంది. సాంబ్రాణి వేశారు, సమాధి మీద కాస్త వైన్ పోశారు. సెరోబ్ డబ్బాను రాతి మీద పెట్టి మీట నొక్కి, అన్నను ఎత్తాడు. మెలిక్ తాతకు ఇష్టమైన పాటే.

నాలుగు వరుసలు బాగానే సాగింది. ఆ తర్వాత చలి తన పని తాను చేసింది. చలిగాలికి మా స్వరం కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. దమ్ పట్టేది మనిషైతే ఆ జారుడు చెవితో పట్టుకుని తనూ వెంట దిగుతుంది. డబ్బాకేం తెలుసు? అది పెట్టిన చోటే రాయిలా ఉంది. పాట ఒక దారి, దమ్ ఒక దారి. విన్నవాళ్ళ పళ్ళు జివ్వుమన్నాయి. సెరోబ్ పెదవులు బిగించి స్వరాన్ని పైకి లాగబోయాడు, అది కీచుమంది. “మెలిక్ బతికుంటే లేచి వెళ్ళిపోయేవాడు” అని ఒక ముసలామె పైకే అనేసింది.

సెరోబ్ మొహం కందగడ్డయింది. మీట నొక్కి డబ్బా నోరు మూయించి, కూతురి వైపు చూసి కనుబొమలెగరేశాడు. నన్ను గోడకు తగిలించిన సంగతే మరిచి, వచ్చి దమ్ పట్టమని.

నాజెలి కోటు గుండీ విప్పి నన్ను బయటికి తీసింది. అవును, పొద్దున్నే మేకు మీంచి దింపి, రెల్లు పీక చల్లబడకుండా గుండెకు ఆనించుకుని తెచ్చింది. సెరోబ్ అమ్మయ్య అనుకుని, దమ్ కోసం ఆగాడు.

ఆమె దమ్ పట్టలేదు. తాత పాటను మొదటి వరుస నుంచి ఎత్తుకుంది.

నా ఒళ్ళంతా ఆమె వేళ్ళు! నలుగురి ముందు ఎప్పుడూ మూసి ఉంచిన రంధ్రాలు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే, నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఆమె ఎవరి అలికిడికీ ఆపలేదు. ముసలామె తలగుడ్డ అంచుతో కళ్ళద్దుకుంది. సెరోబ్ అన్నను పెదవుల దగ్గరే పెట్టుకుని కాసేపు కొయ్యబారిపోయాడు. దమ్ లేని పాట కూతురి నోట ఒంటరిగా నడుస్తోంది, అందరూ తనవైపే చూస్తున్నారు. చివరికి బుగ్గలు నింపాడు, ఆమె స్వరం వెతుక్కున్నాడు, దమ్ పట్టాడు.

పట్టాడే గానీ, అలవాటు ఎప్పుడో తప్పింది. రెండు వరుసలు దాటేసరికి బుగ్గలు వణికాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దమ్ ఠక్కున తెగింది. ఊరి జనం ముందు, కన్నతండ్రి సమాధి ముందు! బాగా అయింది అనుకున్నాను. అబద్ధం ఎందుకు, గట్టిగానే అనుకున్నాను.

నాజెలి వెనక్కి తిరిగి చూడలేదు. పాట చివరిదాకా ఒంటరిగానే తీసుకెళ్ళి దించింది.

సెరోబ్ నోరు తుడుచుకున్నాడు. రొప్పు తగ్గేదాకా నేల చూపులు చూసి, కూతురి పక్కకు, ఇన్నేళ్ళూ ఆమె నిలబడిన ఎడమవైపుకు వచ్చి నిలబడ్డాడు.

“మళ్ళీ మొదట్నుంచి వాయించమ్మా” అన్నాడు. “ఈసారి తెగనివ్వను.”