ఆలస్యంగా వచ్చే 'ఆఁ'

గోపాలకృష్ణమూర్తి గారు ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. గుడివాడలో ఆయన వాకింగుకి బయల్దేరడం చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. అంతటి మనిషీ జీవితంలో ఒక్కచోటే ఆలస్యం చేసేవారు. భార్య ఆండాళ్ "ఏవండీ" అని పిలిస్తే "ఆఁ" అనడానికి.

ఆ ఆలస్యాన్ని ఆండాళ్ చాలా ఏళ్ళు భరించింది. ఈ ఏడు వాడుకుంది.

దానికి కారణం నాగేంద్రబాబు. మాస్టారి పాత శిష్యుడు, బందరులో పెళ్ళిళ్ళకి డీజే బండి నడుపుతాడు. తన మేనల్లుడు భానుప్రకాష్ పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చి, కాఫీ తాగుతూ ఏడ్చినంత పని చేశాడు.

"మా డప్పుల అంకమ్మరావు చేపల చెరువు కౌలుకి తీసుకుని ముదినేపల్లి వెళ్ళిపోయాడండీ. మిషను బీటు పెడుతున్నా. జనం కదలట్లేదండీ అమ్మగారూ. కరెంటు బిల్లు లైన్లో నుంచున్నట్టు నుంచుంటున్నారు."

ఆండాళ్ అతని ఫోను తీసుకుని చూసింది. స్టెప్ సీక్వెన్సర్. పదహారు గళ్ళ వరస, ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. ఎప్పుడో ఫిజిక్సులో డిగ్రీ చేసిన ఆవిడ, సీరియళ్ళ మీద విరక్తి పుట్టాక మధ్యాహ్నాలు ఇలాంటి వాటితోనే కాలక్షేపం చేస్తోంది.

"మరీ బుద్ధిగా పడుతున్నాయి నాగేంద్రా. దెబ్బ గడి మధ్యలో కాదు, వెంట్రుకవాసి లేటుగా పడాలి. అప్పుడు మనిషి వాయించినట్టుంటుంది."

"ఎంత లేటండీ?"

అది ఆవిడకీ తెలీదు. సరిగ్గా అప్పుడే వంటింట్లో గ్యాస్ బండ అయిపోయింది. "ఏవండీ!" అని కేకేసింది. చాలాసేపటికి పేపరు వెనకనుంచి "ఆఁ" అని వచ్చింది.

నాగేంద్రబాబు కాలు దానంతటదే ఆడింది. ఇద్దరూ ఆ కాలుకేసి చూశారు.

వారం రోజులు ఆండాళ్ భర్తని పిలిచి పిలిచి కొలిచింది. కాఫీకి పిలిస్తే 'ఆఁ' తొందరగా వస్తుంది. కూరగాయలకి కాస్త నెమ్మది. గ్యాస్ బండకి బాగా నెమ్మది. నందివాడ నుంచి తన అన్నయ్య ఫోను చేశాడంటే మరీనూ. ఈ నాలుగు ఆలస్యాల్నీ నూరో వంతుకి కుదించి తన ఫోనులో నాలుగు దెబ్బలకి పెట్టింది. ఎక్కడా రాసుకోలేదు. యంత్రం ఇంట్లోనే ఉండగా రాసుకోవడం ఎందుకని.

"ఈ పెళ్ళిలో జనం ఆడితే సీజనంతా అమ్మగారి బీటేనండీ. ఆడకపోతే బండి అమ్మేసి నేనూ చెరువు చూసుకుంటా," అన్నాడు నాగేంద్రబాబు.

పెళ్ళి దివిసీమలో, నాగాయలంకలో. బస్సు పామర్రు దాటేసరికి ఆండాళ్‌కి కునుకు పట్టింది. మాస్టారు ఆవిడ ఫోను తీసి చూశారు. నాలుగు దెబ్బలు గళ్ళు తప్పి ఉన్నాయి. ఆయన ప్రాణం విలవిల్లాడింది. అన్నిటినీ ఒక్క దెబ్బతో గడి మధ్యకి లాగే మీట ఒకటుంటే నొక్కి, సేవ్ చేసి, పుణ్యం చేసినవాడిలా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు.

ముహూర్తం పన్నెండుకి. మగపెళ్ళివారు పది గంటలకి విడిది నుంచి బయల్దేరారు. ఊరేగింపు ఎంత లేదన్నా గంటన్నర. నాగేంద్రబాబు ఆండాళ్ ఫోను డీజేకి తగిలించి బీటు వదిలాడు.

జనం కదిలారు. కాకపోతే అందరి ఎడమకాలూ ఒకేసారి లేచింది. తర్వాత కుడికాలు. బందరు బంధువులు చెప్పకుండానే పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక సర్దుకున్నారు. కారు మీద పెళ్ళికొడుకు సావధాన్‌లో నుంచున్నాడు. వెనకెవరో గట్టిగా ప్రతిజ్ఞ మొదలుపెట్టారు. తొమ్మిది నిమిషాల్లో కవాతు కల్యాణమండపం చేరింది.

పెళ్ళికూతురి తల్లి సత్యవతి సగం జడతో బయటికొచ్చి పెళ్ళికొడుకు తల్లిని ఆపింది.

"అదేంటి వదినగారూ, అప్పుడే వచ్చేశారు? పెళ్ళికి టైముకొచ్చేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదమ్మా! వెనక్కెళ్ళి మర్యాదగా మళ్ళీ రండి!"

అందరూ ఎబౌట్ టర్న్ కొట్టి విడిదికి వెళ్ళిపోయారు.

"చెరువేనండీ ఇంక," అన్నాడు నాగేంద్రబాబు.

ఆండాళ్ ఫోను చూసింది. మాస్టారికేసి చూసింది.

"నేనే దిద్దాను. ఇప్పుడొక్క తప్పూ లేదు," అన్నారాయన. ఆవిడ చూపు చూశాక ఒక అడుగు వెనక్కి వేశారు.

"సరే, మళ్ళీ కొలుద్దాం. ఏవండీ!"

"ఆఁ!"

"ఏవం..."

"ఆఁ ఆఁ!"

"మాస్టారు బీటు కన్నా ముందే పడిపోతున్నారండీ," అన్నాడు నాగేంద్రబాబు.

భయపడ్డ మొగుడు సంసారానికి మంచిదేమో గాని సంగీతానికి పనికిరాడు. ఆండాళ్ చుట్టూ చూసింది. టిఫిన్ల దగ్గర గారెల కింద నూనె పీలుస్తున్న కాగితం కనిపించింది. పదో తరగతి లెక్కల మోడల్ పేపరు. తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో ఒకచోట అచ్చుతప్పుందటండీ."

మాస్టారు మునిగిపోయారు. నూటిరవై మంది ఊపిరి బిగబట్టి చుట్టూ నుంచున్నారు.

"ఏవండీ, కాఫీ."

"...ఆఁ."

నాగేంద్రబాబు ఒక దెబ్బ జరిపాడు.

"ఏవండీ, కూరగాయలు." జరిపాడు. "ఏవండీ, గ్యాస్ బండ." పెళ్ళికొడుకు భుజాలు అప్పుడే ఊగడం మొదలెట్టాయి.

"ఏవండీ, నందివాడ నుంచి అన్నయ్య ఫోను."

చూశారు. చూశారు. 'ఆఁ' రాలేదు.

"ఎంత పెట్టమంటారండీ?"

"ఖాళీగా వదిలెయ్."

ఆ ఖాళీయే గట్టెక్కించింది. అక్కడ పడాల్సిన దెబ్బ కోసం జనం ఒక కాలెత్తి ఎదురుచూసేవాళ్ళు, పడకపోయేసరికి ఎగిరేవాళ్ళు. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా మండపం చేరితే సత్యవతి నిండు జడతో ఎదురొచ్చి, "ఇదీ రావడమంటే!" అని తనూ రెండు గెంతులు వేసింది.

తిరుగు ప్రయాణం డీజే బండిలోనే. సాయంత్రం పామర్రు సెంటరులో మాస్టారు కాగితం మడిచి తలెత్తారు.

"ఆఁ. ఏమంటాడు మీ అన్నయ్య?"

ఆండాళ్ వాచీ చూసుకుంది. పిలిచి ఆరు గంటల పదకొండు నిమిషాలైంది.

"ఏవండీ, అందులో నూరో వంతెంత?"

"మూడు నిమిషాల నలభై రెండు పాయింట్ ఆరు సెకన్లు," అన్నారాయన. రెప్పపాటు ఆలస్యం లేదు.

నాగేంద్రబాబు బండి పక్కకి తీసి ఆపాడు.

"వచ్చే పెళ్ళికి పెట్టేద్దామాండీ?"