దసరా నాడు ముట్టిన సర్వర్

మధ్యాహ్నం అందరూ టిఫిన్ బాక్సులు విప్పే వేళకు బాలనర్సయ్య చెయ్యి అలవాటు కొద్దీ కీబోర్డు మీదికి పోయింది. అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. సర్వర్ చక్కగా నడుస్తోంది. దసరా అయి వారమైంది, ఒక్కసారి కూడా పడిపోలేదు. ఏళ్ల తరబడి ఆకలి చంపుకుని కూర్చున్నవాడికి వేళకు అన్నం తినడం కూడా కొత్తగానే ఉంది.

కండ్లకోయ దగ్గర మేడ మీదున్న ఆ కంపెనీ ఇంజినీరింగ్ కాలేజీలకు ఫలితాల సైట్లు నడుపుతుంది. విద్యార్థి హాల్‌టికెట్ నంబరు కొట్టగానే ప్రోగ్రాం మార్కులన్నీ దాచిన డేటాబేస్‌తో ఒక కనెక్షన్ తెరిచేది. నంబరు తప్పయితే మాత్రం దాన్ని మూయడం మరిచేది. పిల్లలు తప్పు కొట్టకుండా ఉంటారా! తెరిచినవన్నీ పోగుపడి మధ్యాహ్నానికల్లా సర్వర్‌కు ఊపిరాడేది కాదు. దాన్ని ఆపి మళ్లీ నడిపించడమే బాలనర్సయ్య కొలువు. ఆ కొలువు పుణ్యమా అని బావమరిది పెళ్లికి పోలేదు, కూతురు పుట్టిననాడు సాయంత్రం దాకా దవాఖాన ముఖం చూడలేదు. ఆఫీసులో అతనికి పెట్టిన పేరు 'బంద్‌చాలూ'. ఆ పేరు వినబడ్డప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టయ్యేది.

తప్పెక్కడుందో అతనికి ఎప్పుడో దొరికింది. సరిచేస్తానని ఎన్నిసార్లు బతిమాలాడో! "నడుస్తున్నదాంట్ల ఏలు వెట్టకు," అనేవాడు యజమాని జనార్ధన్. తూంకుంటలో ప్లాట్లు అమ్మి ఈ కంపెనీ పెట్టిన మనిషి.

చివరికి దసరా కలిసొచ్చింది. ఆ రోజు జనార్ధన్ సర్వర్‌కు కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, తెల్లారేదాకా పనిముట్లు ఎవరూ ముట్టొద్దని తాళం వేయించాడు. ఊరంతా జమ్మికి పోయిన వేళ బాలనర్సయ్య తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వచ్చాడు. బొట్టు చెరగకుండా ఒద్దికగా కూర్చుని, నంబరు తప్పయినా కనెక్షన్ మూసేలా ప్రోగ్రాంలో ఒక్క వరస రాసి ఆ తప్పు దిద్దాడు. ఇంటికి పోయి భార్య ఆమనికి చెప్పి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఇవాళ అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే జనార్ధన్ తన గదిలోకి పిలిచాడు.

"సూశినవా బాలూ! అమ్మవారి మహిమ. పూజ జేసిన కాడికెళ్లి ఒక్కపారన్న వడ్డదా? ఇగ బంద్ జేసుడు, చాలూ జేసుడు లేకపాయె. వచ్చే నెల నుంచి నువ్వు వేరే కాడ సూసుకో."

బాలనర్సయ్య తడిచెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

"సార్, సర్వర్‌ను నేనే బాగు జేసిన."

"ఎప్పుడు?"

"దసరా నాడు."

జనార్ధన్ మొహం మాడిపోయింది.

"పూజ దినం ముట్టుకుంటె అది గిట్ల సక్కగ నడుస్తదా? పొట్ట కోసం అమ్మవారి పేరు గూడ కొట్టేస్తవా నువ్వు?"

"ప్రోగ్రాం తెరిచి సూపిస్త సార్."

"నాకేం సూపియ్యకు. వచ్చే నెలేంది, ఇయ్యాల్నే పో."

వచ్చి తన చోట కూర్చున్నాడు. ఒక్క వరస చెరిపేస్తే చాలు, రేపు మధ్యాహ్నానికి సర్వర్ బోర్లా పడుతుంది, జనార్ధన్ తనంతట తనే ఫోను చేస్తాడు. చెరిపాడు కూడా. ఖాళీ అయిన ఆ చోటును చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లలో తను చేసిన పనంటూ అదొక్కటే. దాన్ని తన చేత్తోనే చెడగొట్టుకుంటే ఇంక మిగిలేదేముంది! మళ్లీ రాశాడు.

తాళంచెవి ఆఫీసు ఊడ్చే లక్ష్మమ్మ చేతిలో పెట్టాడు.

"రేపు జల్దీ వస్తవా బిడ్డా?" అంది ఆమె.

"నువ్వు పైలం అవ్వా," అని మెట్లు దిగి మేడ్చల్ బస్సు ఎక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం సర్వర్ పడిపోలేదు. జనార్ధన్ కొత్త బంతిపూల దండ తెచ్చి వేసి, లెంపలు వేసుకుని దండం పెట్టుకున్నాడు. ఏసీ చలికి బాలనర్సయ్య ఎండాకాలంలో కూడా తొడుక్కునే ఊదారంగు స్వెటర్ సర్వర్ పక్కనున్న కుర్చీ వీపునే ఉండిపోయింది. దండలోంచి రాలిన రెక్క ఒకటి దాని భుజం మీద పడి ఉంది.