తాడు అవతలి మనిషి

"రేపు నువ్వు ఆఖరి హర్డిల్ దగ్గర నిలబడు చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు," అన్నాడు భర్త, ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి చూస్తూ.

ఆమె ఉడికించిన చికెన్ లివర్‌ని శనగగింజలంత ముక్కలుగా కోస్తోంది. ముక్క పెద్దదైతే కుక్క నమలడానికి ఆగుతుంది, ఆగిందంటే తర్వాత చెయ్యాల్సింది మరిచిపోతుంది. ఆ వాసన ఎంత సబ్బు రుద్దినా చేతుల్ని వదలదు. ఆమె పనిచేసే మందుల షాపులో చిల్లర ఇస్తుంటే ఒకావిడ ముక్కు చిట్లించిందని, "మీరు కౌంటర్ దగ్గరికి రాకండమ్మా, లోపల స్టాకు సర్దుకోండి" అన్నాడు యజమాని. అప్పటినుంచి ఆమె లోపలే ఉంటోంది. హాల్లోంచి అత్తగారు, తాగిన టీ కప్పు కింద పెడుతూ, "ఈ ఇంట్లో కుక్కగా పుట్టినా బాగుండేది, వేళకి వండి పెడుతున్నారు" అన్నారు. ఆ టీ పెట్టిందీ ఆమే. ఆ కప్పు కడగాల్సిందీ ఆమే.

నిలబడటం అనేది ఈ ఇంట్లో ఆమె ఉద్యోగం. భర్త కొన్న జర్మన్ షెపర్డ్‌కి కాగితాల మీద చాంతాడంత పేరు ఉంది, ఇంట్లో మాత్రం దొర అంటారు. తెల్లారకముందే లేచి దొరకి హర్డిళ్ళు దూకడం, టన్నెల్‌లో దూరడం, వరసగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరగడం నేర్పింది ఆమె. పోటీ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని దొర మెడ పట్టీ పట్టుకునేది భర్త. మొదటి పోటీలో దొర మైదానం మధ్యలో చతికిలబడింది. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల జనంలో నిలబడ్డ ఆమెకి మనసు ఊరుకోలేదు, పొద్దున్నే సాధన చేయించేటప్పుడు ఎత్తినట్టే అరచెయ్యి ఛాతీ దాకా ఎత్తింది. అంతే, దొర లేచి పరిగెత్తింది, బహుమతి కప్పు వచ్చింది. ఇంటికొచ్చాక, "ప్రతిసారీ అక్కడే నిలబడు. నేను ఎడం చెయ్యి నడుం మీద పెడితే చెయ్యెత్తు," అన్నాడు భర్త. బయటినుంచి ఎవరూ సైగ చెయ్యకూడదని రూలుంది కదా అని ఆమె గుర్తు చేస్తే నవ్వాడు. "పెళ్ళాం మొగుడి ఆట చూడటానికి వస్తే అది సైగా?" తర్వాత వచ్చిన కప్పులన్నీ హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. దుమ్ము దులిపేది ఎవరో చెప్పక్కర్లేదు.

మసి సంగతి వేరు. మందుల షాపు వెనక అట్టపెట్టెల మధ్య దొరికిన కుక్కపిల్ల అది. మూతి దగ్గర మసి పూసినట్టు నలుపు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి, ఒళ్ళు ఒక జాతిది, కాళ్ళు ఇంకో జాతివి. "ఏ జాతో తెలియని దాన్ని ఇంట్లోకి తెస్తావా?" అని భర్త వారం పాటు ముఖం తిప్పుకున్నాడు. ఒకరోజు పెరట్లో అది దొర కంటే చురుగ్గా కర్రల వరస దాటడం చూశాక మాత్రం తిప్పుకున్న ముఖం ఇటు తిరిగింది. అప్పటినుంచి ఈ పోటీలు పెట్టే క్లబ్బులో, జాతులు కలిసిన క్రాస్ కుక్కల్నీ పోటీకి రానివ్వాలని వాదించేవాళ్ళలో ఆయనే ముందు. చప్పట్లు కూడా బాగానే పడుతున్నాయి.

క్లబ్బు ప్రెసిడెంటు పశువుల డాక్టరుగా రిటైరైన పెద్దమనిషి. మూర్ఖుడేం కాదు. "జాతి అంటే తరాల తరబడి ఒక పని కోసం చేసిన పెంపకమండీ. ఈ పోటీ ఆ పెంపకానికే పరీక్ష. తల్లెవరో తండ్రెవరో తెలియని కుక్క ఇవాళ గెలిస్తే, దాని పిల్లలు రేపు అలాగే పరిగెత్తుతాయని చెప్పగలమా?" అన్నారు మొన్న మీటింగులో. వెనక బెంచీలో కూర్చున్న ఆమెకి అందులో కొంత నిజం కనిపించింది. కానీ పరుగు పందెంలో నిలబడ్డవాళ్ళని పిల్లల సంగతి అడగడమేమిటో అర్థం కాలేదు. అప్పుడు భర్త లేచి, గొంతు సవరించుకుని, "కాగితం మీద తాతముత్తాతల పేర్లు ఉన్నాయా లేదా కాదు సార్, కళ్ళ ముందు ఏం చేస్తోందో చూడండి!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ మాట ఆమెది. ముందురోజు రాత్రి గిన్నెలు తోముతూ అంది. నీళ్ళ చప్పుడులో ఆయనకి వినపడలేదేమో అనుకుంది, నిక్షేపంలా వినపడింది.

చివరికి ప్రెసిడెంటు ఒక మెట్టు దిగారు. ఆదివారం ఒక క్రాస్ కుక్కని పరిగెత్తించి చూపించాలి. ఒక్క తప్పు లేకుండా పూర్తి చేస్తే ఇకనుంచి అన్నీ ఒకే పోటీలో. తప్పు జరిగితే ఈ మాట క్లబ్బులో మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. రేపే ఆ ఆదివారం, ఆ కుక్కే మసి.

"మసిని నేను పరిగెత్తిస్తానండీ," అంది ఆమె, కత్తి పక్కన పెట్టి.

భర్త ఫ్రిజ్ తలుపు మూశాడు. కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటే ఆమెకి తేలికయ్యేది. "చూడు, ఇది నీకూ నాకూ సంబంధించిన విషయం కాదు. ఎన్ని కుక్కల భవిష్యత్తు దీని మీద ఉందో ఆలోచించు. నువ్వు దిగితే ఇంటావిడ సరదా అనుకుంటారు. నేను దిగితే వింటారు. నీ పేరు కోసం ఇంత మంచి పని చెడగొడతావా?"

ఈ ఇంట్లో ఎప్పుడూ ఆమె కంటే పెద్ద విషయం ఒకటి ఉంటూనే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో అత్తగారి ఆపరేషన్, ఆ తర్వాత ఆయన ప్రమోషన్, ఆపైన దొర. ఇప్పుడు న్యాయం. న్యాయం కోసమైనా సరే, పక్కకి తప్పుకోవలసింది ఆమే. అందులోనూ బాధేమిటంటే, ఆయన చెప్పింది నిజమే. ఆమె దిగితే వాళ్ళు అలాగే అనుకుంటారు. ఆమె ముక్కలన్నీ డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఆదివారం మైదానం చుట్టూ అనుకున్నదానికంటే ఎక్కువమంది పోగయ్యారు. క్రాస్ కుక్కలున్నవాళ్ళు వాటిని పొదివి పట్టుకుని ఒక మూల గుంపుగా నిలబడ్డారు. ఒకాయన చేతిలో మూడు కాళ్ళ కుక్క ఉంది. అది పోటీకి రాదు, అయినా తీసుకొచ్చాడు. ప్రెసిడెంటు స్టాప్‌వాచ్ పట్టుకుని కుర్చీలోంచి లేచారు. ఆమె తాడు అవతల, ఆఖరి హర్డిల్‌కి ఎదురుగా, తన చోట్లో నిలబడింది.

"గో!" అన్నాడు భర్త.

మసి కదల్లేదు.

"గో! గో!" అన్నాడు మళ్ళీ. మసి ఆయన్ని చూడటం లేదు. మొదటి హర్డిల్ వైపూ చూడటం లేదు. మైదానం అవతలున్న ఆమె వైపే చూస్తోంది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. భర్త ఎడం చెయ్యి నడుం మీద పెట్టాడు.

ఆమె చెయ్యి తనంతట తనే లేవబోయింది. ఇన్నేళ్ళ అలవాటు కదా. అది ఛాతీ దాకా లేస్తే మసి బాణంలా దూసుకుపోతుంది, ఒక్క తప్పు చెయ్యదు. ఆ మూల నిలబడ్డవాళ్ళందరూ సంతోషంగా ఇళ్ళకి వెళతారు. లేవకపోతే మసితో పాటు వాళ్ళందరికీ తలుపు మూసుకుపోతుంది. కానీ లేస్తే మాత్రం గెలిచేదేమిటి? ఏ కాగితాలూ లేని కుక్క తన సొంత కాళ్ళ మీద పరిగెత్తగలదని చూపించడానికి, తాడు అవతలినుంచి దొంగ సైగా? ప్రెసిడెంటు మసి చూపు ఎటు ఉందో గమనించి మెల్లగా ఆమె వైపు తల తిప్పుతున్నారు. ఆమె చెయ్యి కిందికి దించేసి, తాడు పైకెత్తి, కిందనుంచి దూరి లోపలికి నడిచింది.

"ఏం చేస్తున్నావు? వెనక్కి వెళ్ళు," అన్నాడు భర్త పళ్ళ బిగువున. "పరువు తియ్యకు. ఇది ఓడిపోతే ఆ పాపం నీదే."

"నాదే," అంది ఆమె. "గెలిచినా నాదే. పట్టీ ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. ఆమె ఆయన వేళ్ళలోంచి దాన్ని లాక్కుంది. తర్వాత ప్రెసిడెంటు వైపు తిరిగింది. "దీనికి నేర్పింది నేనండీ. నేనే నడిపిస్తాను. బయటినుంచి ఎవరూ సైగ చెయ్యరు."

ప్రెసిడెంటు ఆమెని, ఆమె వదిలి వచ్చిన చోటుని, ఆమె భర్తని వరసగా చూశారు. "కుక్క ఇంకా మొదటి హర్డిల్ దాటలేదు కాబట్టి మనిషి మారవచ్చు. కానీ మరో అవకాశం ఉండదమ్మా."

ఆమె చెప్పులు విప్పేసి, పట్టీ తీసేసి, "పద" అంది.

మసి వెళ్ళింది. ఆమె కూడా వెళ్ళింది, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని. ఇంతమంది చూస్తుండగా పరిగెత్తడం ఆమెకి ఇదే మొదలు. టన్నెల్‌లో అది మాయమైన ఆ కాస్త సేపట్లో ఆమె అవతలి కొసకి పరిగెత్తింది. కర్రల వరసలో ఒక్కటి తప్పిపోతుందనే అనుకుంది, తప్పలేదు. ఆఖరి హర్డిల్ మీద వెనక కాలు తగిలింది. హర్డిల్ మీది అడ్డకర్ర ఊగింది. మూలనున్న గుంపులో ఒకావిడ కెవ్వుమంది. కర్ర ఇంకాస్త ఊగి, అక్కడే ఆగింది.

ప్రెసిడెంటు స్టాప్‌వాచ్ చూసుకుని తలూపారు. తర్వాత నేరుగా ఆమె భర్త దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపారు. "మీ మాటే నెగ్గింది. వచ్చే పోటీనుంచి అన్నీ ఒకే వరసలో." భర్త ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు, ఫొటోకి కూడా నిలబడ్డాడు. అప్పటికి ఆమె పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఉంది.

ఆమె తిరిగి వచ్చేసరికి భర్త ముఖం వెలిగిపోతోంది. కారులోంచి దొరని దింపి పట్టీ వేశాడు. ఇందాకటి సంగతి పెద్దమనసుతో క్షమించేసినట్టున్నాడు. "వచ్చే పోటీకి రెండిటినీ రాయిస్తాను. ముందు దొర, తర్వాత మసి. నువ్వు ఎప్పటిలాగే అక్కడ..."

"మసిని రాయించేశానండీ. నా పేరు మీద."

"పోనీలే, నీ సరదా ఎందుకు కాదనాలి? దొర పరిగెత్తేటప్పుడు మాత్రం నీ చోట్లో..."

"ఆ రోజు నేను బయట నిలబడను. దొరకి పోటీగా నేనే దిగుతున్నాను."

భర్త దొర పట్టీని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. క్రాస్ కుక్కల్ని జాతి కుక్కల పక్కన నిలబెట్టాలని అంతమందిని ఒప్పించిన ఆ మనిషికి, నిలబెడితే తన పక్కకి ఎవరు వచ్చి నిలబడతారో అప్పుడు గాని అర్థం కాలేదు.