తలనొప్పి కాదు

సైన్యంలో పదహారేళ్లు నర్సుగా పనిచేసి వచ్చిన ఆమెను అందరూ ఇప్పటికీ సిస్టర్ అనే పిలిచేవారు. ఇంటిపట్టున ఊరికే కూర్చోవడం చేతకాక రక్తపరీక్షల ల్యాబులో చేరింది. సూది గుచ్చినట్టే తెలియదని ఆమెకు పేరు. పరగడుపున వచ్చే ముసలివాళ్లు పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె కోసమే ఆగేవారు.

అలాంటిది ఒక సోమవారం పొద్దున, రక్తం తీయించుకున్న పెద్దాయన ఒకాయన కళ్లు తిరిగి పక్కకి ఒరిగిపోయాడు. మొహాన నీళ్లు చల్లగానే తేరుకున్నాడు. కానీ ఆయన మోచేతి మడతలో దూది అదిమిన సిస్టర్ బొటనవేలు కదల్లేదు. రక్తం ఆగిందమ్మా, వదులు అంటున్నాడాయన. ఆమెకు వినబడలేదు. తొమ్మిదేళ్ల కిందట గుడారంలో నడిపిన ఆసుపత్రిలో, తొడ చీలిపోయిన ఒక సిపాయి గాయాన్ని నలభై నిమిషాలు ఇలాగే అదిమి పట్టుకుంది. ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాక కూడా వదల్లేదు. ఈసారి ల్యాబు యజమాని వచ్చి ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. పెద్దాయన చెయ్యి కమిలిపోయింది. కొన్నాళ్లు ఇంట్లో ఉండమని ఆమెను పంపేశారు.

సంగతి తెలిసి ఆడపడుచు ఫోన్ చేసింది. మాజీ సైనికుల ఆసుపత్రికి వెళ్తే వెళ్లు గానీ, అడిగినవాళ్లకు తలనొప్పని చెప్పు వదినా, లోకం నోరు మంచిది కాదంది. సిస్టర్ భర్త దర్జీ. కుట్టుమిషన్ ఆపి అంతా విన్నాడు.

"తలనొప్పంటే తలనొప్పి మాత్రలే ఇస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

ఆ ఆసుపత్రిలో మనసుకు వైద్యం చేసే గది గురువారాలు మాత్రమే తెరుస్తారు. కౌంటర్లోని గుమాస్తా ఆమెను చూసి, సైనికుల భార్యలకిచ్చే ఫారం తీసి, మీ ఆయన సర్వీసు నంబరు చెప్పండమ్మా అన్నాడు.

"మా ఆయన దర్జీ. నంబరు నాది" అంది సిస్టర్.

గుమాస్తా నాలుక కరుచుకుని వేరే ఫారం తీశాడు. రిజిస్టరులో జబ్బు అన్నచోట మాత్రం ఆమెను అడక్కుండానే తలనొప్పి అని రాసేశాడు. అందరికీ అలాగే రాస్తామండీ, మీ మంచికే అన్నాడు. పోట్లాడే ఓపిక లేక ఆమె ఊరుకుంది. తీరా పైకి వెళ్తే గదికి తాళం. డాక్టరు బదిలీ అయి నాలుగు నెలలైందట.

తాళం ఎదుట బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన పటాలానికి వండిపెట్టిన వంటవాడు, రెండో ఆయన ట్రక్కు డ్రైవరు. డాక్టరు లేడని తెలిసీ వస్తున్నారేమని అడిగితే, ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయన్నాడు డ్రైవరు. వంటాయన మాటకారి. నవ్విస్తూ నవ్విస్తూనే తన సంగతీ చెప్పాడు. ఒకరోజు నలభై మందికి వండితే పదకొండు మందే తినడానికి వచ్చారు. మిగిలిన అన్నం ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఈనాటికీ ఇంట్లో నలుగురికి వండబోయి అటక మీది పెద్ద గుండిగ దించుతాడట. సిస్టర్ నవ్వబోయి నవ్వలేకపోయింది. తన బొటనవేలి సంగతి ఆరోజే మొదటిసారి బయటి మనుషులకు చెప్పింది. ఇద్దరూ జాలిపడలేదు, సలహా ఇవ్వలేదు. అవునన్నట్టు తలాడించారంతే. ఇంటికొచ్చాక ఆమె కడుపునిండా అన్నం తిన్నది.

మూడో గురువారం తలుపుకు నోటీసు అంటించి ఉంది. మానసిక రోగులెవరూ రావడం లేదు కనుక గదిని పంటి వైద్య విభాగానికి ఇస్తున్నారట. సిస్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చిన ప్రతివాడినీ తలనొప్పి ఖాతాలో వేసేస్తే రోగులు ఎక్కడినుంచి కనబడతారు? వారం రోజులు వంటాయన ఫోన్ పట్టుకునే ఉన్నాడు. డ్రైవరు స్కూటరేసుకుని మాజీ సైనికుల గడప గడపకూ తిరిగాడు.

తర్వాతి గురువారం కౌంటర్ ముందు ఇరవైముగ్గురు వరసకట్టారు. ముందు సిస్టర్ నిలబడింది. గుమాస్తా అలవాటుగా కలం పెట్టబోతే ఆమె రిజిస్టరు మీద అరచెయ్యి ఆనించింది.

"మనసు బాగాలేదు. అదే రాయండి."

"అలా రాస్తే మీకే చెడ్డపేరండీ."

"కాలు పోయినవాడికి కాలు లేదనే రాశారు కదా, వాడికి చెడ్డపేరు రాలేదే? రాయండి."

గుమాస్తా వెళ్లి సూపరింటెండెంటును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన గుంపును చూసి, ఇదేం గొడవ, గార్డును పిలుస్తానన్నాడు. పిలిచాడు కూడా. గార్డు లాఠీ చంకలో పెట్టుకుని వచ్చి వరస పొడవు చూశాడు. అతనూ సైన్యంలో చేసి వచ్చినవాడే. చివరి మనిషి వెనక నిలబడి, నా వంతు ఎప్పుడొస్తుందని మెల్లగా అడిగాడు. సూపరింటెండెంటు గుమాస్తాకు రాయమని సైగ చేసి లోపలికి వెళ్లిపోయాడు.

రెండు పేజీలు నిండాయి. వంటాయన తన వంతు వచ్చినప్పుడు గొంతు తగ్గించలేదు. కళ్లు మూస్తే ఖాళీ పళ్లాలు కనబడతాయి, అక్షరం పొల్లుపోకుండా రాయమన్నాడు. ఆ పేజీల నకళ్లు తీయించి సిస్టర్ స్వయంగా పై కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చింది.

డాక్టరు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు గురువారాలూ వాళ్లు బల్ల వదల్లేదు. ఒక వారం డ్రైవరు రాలేదు, ఫోనెత్తలేదు. సిస్టరూ వంటాయనా ఇంటికెళ్తే తలుపు తీయలేదు. పొమ్మని లోపలినుంచే కేకలేశాడు. "మేం పోం" అని చెప్పి వంటాయన మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆమె పక్కనే కూర్చుంది. మిట్టమధ్యాహ్నం ఎండ, మూడు గంటలు. చివరికి డ్రైవరు తలుపు తీసి, మంచినీళ్లు కావాలా అని అడిగాడు. మాసిన గడ్డం, పీక్కుపోయిన కళ్లు. కావాలంది సిస్టర్. ఆరోజు అతన్ని ఒంటరిగా వదల్లేదు. దూరాన ఉన్న అతని తమ్ముడు బస్సు దిగి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

కొత్త డాక్టరమ్మ వచ్చిన రోజు సిస్టర్ ముందుగా డ్రైవర్ని లోపలికి పంపింది. తర్వాత తను వెళ్లి, అడగకముందే చెయ్యి చాపి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. బయటికొచ్చేసరికి సూపరింటెండెంటు అక్కడున్నాడు. డాక్టరు వచ్చేశారుగా, ఇక ఈ బల్ల తీయించేస్తాం, పని చూసుకున్నవాళ్లు వెళ్లిపోవచ్చన్నాడు.

సిస్టర్ వెళ్లి వంటాయన పక్కన కూర్చుంది.

"డాక్టరమ్మ వారానికి మూడు గంటలే ఉంటారండీ. మిగతా వారమంతా మాకు మేమే. బల్ల ఇక్కడే ఉంటుంది."

గార్డు వచ్చి, కొంచెం జరగమని, ఆమె పక్కన కూర్చున్నాడు.