నిమ్మచెట్టుకు పాలిస్టర్ ముడి

డాబా మీద కాలు పెట్టగానే సుమన పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నీలం డ్రమ్ములోని నిమ్మచెట్టు దగ్గర్నుంచి ఒకటే కుళ్లు కంపు. ఆకులు పసుపుపచ్చబడి వేలాడుతున్నాయి. వాటి అడుగున పిండినల్లి తెల్లగా, జిగురుగా పట్టింది. దాని మీద చీమలు బారులు కట్టాయి. కాయలు మాత్రం, అబ్బో, ఒక్కొక్కటి పిడికిలంత! లింబాయత్ గల్లీలో అంత నిమ్మకాయను ఎవరూ చూసి ఎరగరు.

ఆ కాయలు చూసుకునే ఆమె మొగుడు పరుశురాం మీసం మెలేస్తున్నాడు. సంగీత ఐదో తరగతిలో ఉన్నప్పుడు తల్లీకూతుళ్లు నాటిన గింజ అది. కింది నల్లా నుంచి నీళ్లు మోసింది సుమన. ఆయనగారు చేసిందల్లా ఒక్కటే. పోయిన వానాకాలం గాలికి చెట్టు వాలితే ఇనుప చువ్వకు కట్టాడు. అంతే, చెట్టు ఆయనదైపోయింది. తను బట్ట నేసే లూముల దగ్గరి సావాసగాళ్లను వెంటేసుకొచ్చి, కాయ తెంపి వాసన చూపించి, "ఎట్లుంది నా చెయ్యి?" అంటాడు. విని విని సుమనకు రోత పుట్టింది.

ఇవాళ వచ్చేవాడు రాజనర్సు. చీరలకు రాళ్లు అంటించే పని ఇంటింటికీ పంచే మనిషి. వాడొచ్చేది చెట్టు కోసం కాదు, సంగీత కోసం. పిల్ల పదో తరగతి పాసైంది, సైన్సు చదువుతానని ఏడుస్తోంది. పరుశురాం మాత్రం సోమవారం నుంచి చీరల పనిలో కూర్చోబెడతానని మాట ఇచ్చేశాడు. పిల్ల చేతులు చురుకైనవట. చేతికి ఇప్పుడే నాలుగు పైసలు రావాలట. పైగా వాడికి నిమ్మరసం కలపమని సుమనకే హుకుం.

ముక్కు బిగపట్టి కొమ్మ వంచబోతే చెయ్యి మొదలుకు తగిలింది. ఏదో జిగటగా అంటుకుంది. ఛీ! బంక. పైటతో తుడుచుకుని వంగి చూసింది. మొదలు చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. గాడికి పైన మొదలు గడ్డలా ఉబ్బింది, కింద మాత్రం సన్నగా ఎండినట్టుంది. గోటితో గీరితే లోపల దారం కనపడింది. పాలిస్టర్ దారం. అది కుళ్లదు, తెగదు. మొదలు లావెక్కినకొద్దీ బెరడును కోసుకుంటూ లోపలికి దిగిపోయింది.

"సంగీతా, జర ఇటు రా బిడ్డా!"

సంగీత వచ్చి గొంతుక్కూర్చుని చూసింది. "అమ్మా, ఆకులు చేసే తిండి బెరడులకెల్లి వేర్లకు దిగాలె. గీ దారం దాన్ని ఆపేసింది. దిగేది లేక అంతా కాయలకే పోయింది. అందుకే గంత పెద్దగైనయ్."

"మరి వేర్లు?"

"ఉపాసం ఉన్నయ్. కుళ్లిపోతున్నయ్. గీ వాసన వాటిదే."

నిన్న ఆ కాయలు పిండే పులిహోర చేసింది సుమన. తల్లీకూతుళ్లిద్దరూ లొట్టలేసుకుంటూ తిన్నారు కూడా.

అంతలోనే మెట్ల మీద చెప్పుల చప్పుడు. పరుశురాం రాజనర్సును వెంటబెట్టుకుని పైకి వచ్చాడు.

"జూడు రాజనర్సన్నా, ఎట్లున్నయ్ కాయలు?"

"చెట్టు సస్తున్నదయ్యా," అంది సుమన. "నువ్వు కట్టిన దారమే దాన్ని కోసింది. వచ్చి సూడు."

ఆయన వంగి చూశాడు. చూసి నవ్వాడండీ, ఆ మహానుభావుడు! "సూసినవా అన్నా, ముడి జారిందా? లూము మీద పడ్డ చెయ్యి!"

"చెట్టు సస్తున్నదంటే ముడి అంటవేంది?"

"సస్తే సావనీయే. కాయలొచ్చినయ్ గద, ఇంకేం గావాలె?" అని ఒక కాయ తెంపి కొరికి జుర్రాడు. రసం మోచేతి దాకా కారింది. అదీ నాకాడు.

రాజనర్సు ఇదేం పట్టించుకోలేదు. "చేతులు జూపియ్యి బిడ్డా," అని సంగీత వేళ్లు పట్టుకుని, సంతలో బెండకాయలు ఎంచినట్టు ఒక్కొక్కటే వంచి చూడసాగాడు. పిల్ల తల దించుకుంది.

"చెయ్యి ఇడువు అన్నా," అంది సుమన. "మా పిల్ల సైన్సు సదువుకుంటది. నీ చీరల మూట మా ఇంట్ల దించకు."

"నేను మాట ఇచ్చిన!" అని అరిచాడు పరుశురాం.

"ఇచ్చినోనివి నువ్వే కూసొని అంటియ్యి రాళ్లు. నీ చెయ్యి మంచిది గద!"

రాజనర్సు ఒకసారి ఆయన్ను, ఒకసారి ఆమెను చూసి, తర్వాత మాట్లాడుకుందామని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు. పరుశురాం తిట్లు లంకించుకున్నాడు. సుమన కొమ్మకొమ్మా వంచి ఉన్న కాయలన్నీ ఒళ్లోకి తెంపి, పిట్టగోడ మీంచి కింది మోరీలో గుమ్మరించింది.

"నీ అవ్వ, నా కాయలు!" అంటూ ఆయన కిందికి పరుగెత్తాడు.

తల్లీకూతుళ్లు పైనుంచి చూశారు. పరుశురాం మోకాళ్ల మీద కూర్చుని, నల్లటి మురుగులో చెయ్యి పెట్టి ఒక్కొక్క కాయే ఏరుతున్నాడు. లుంగీకి తుడుస్తున్నాడు. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. సుమన తుపుక్కున పక్కకు ఉమ్మేసింది.

ఆయన తలెత్తి అడిగాడు. "పైన ఇంకేమన్న ఉన్నయానే?"

సుమన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేవు," అంది. "నీకు ఇంకేం లేవు."