ఎడమపక్క మంట

ఆ ఆదివారం పొద్దున సముద్రం వైపు ఆకాశం బూడిదరంగు మబ్బుతో కిందికి దిగి ఉంది. మబ్బు కదలడం లేదు, కురవడం లేదు. రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్మే చప్పుడు పొలాల మీదుగా ఊళ్ళోకి వినిపిస్తోంది. ఇలాంటి పొద్దంటే కరుణాకుమారికి భయం. గాలి ఆడకపోతే చెమట పడుతుంది. చెమట పడితే జాకెట్టు ఒంటికి అంటుకుంటుంది. అంటుకున్న చోట, ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా, ఎవరో కాలిన అట్లకాడ ఆనించి పట్టుకున్నట్టు ఉంటుంది.

పెరట్లో రాళ్ళపొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కించి ఉంది. ప్రార్థన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు ఆ రోజు. భర్త క్రీస్తురాజు సంఘపెద్ద కాబట్టి వంట ఆమెదే. ఉల్లిపాయలు తరుగుతూ ఎడమ మోచేయి ఒంటికి తగలకుండా ఎత్తిపెట్టుకుంది, రెక్క విరిగిన కొంగ మాదిరి. తెల్లచొక్కా ఇస్త్రీ అయిందా అని అడగడానికి వచ్చిన క్రీస్తురాజు ఆ చేతిని చూశాడు.

"చెయ్యి దించు. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

దించింది.

"ఈ పూట సాక్ష్యం నీదే. పాస్టరు తిమోతయ్యగారు చెప్పమన్నాడు. నీకు బాగై ఏడాదయింది గదా. నువ్వు మాట్లాడినాక ఎలిశబెతు సంగతి తీసుకుంటారు."

"ముందు నాదెందుకు?"

"దేవుడు బాగుచేసినదాన్ని చూపించి, సైతాను చెడగొట్టినదాన్ని చూపిస్తే జనానికి అర్థమవుద్ది. స్తోత్రం చెప్పి కూచోడమే గదా, దానికింత ఆలోచనేంది?"

ఆయన కుంటుతూ లోపలికి పోయాడు. ఆయనకు మోకాలి నొప్పి ఉంది. అది ఊరందరికీ తెలుసు. "మోకాలు ఎట్టుందన్నా?" అని ఎదురైన ప్రతివాడూ అడుగుతాడు. ప్రతి ఆదివారం ఆ మోకాలి కోసం ప్రార్థన జరుగుతుంది, రోజూ పొద్దుగూకినాక ఆమె దానికి తైలం రాస్తుంది. ఇన్నేళ్ళుగా ప్రార్థన చేసినా అది తగ్గలేదేమని ఎవరూ అనలేదు. తగ్గిందని చెప్పమని ఆయన్ను ఎవరూ మైకు ముందు నిలబెట్టలేదు.

నిరుడు ఇదే రోజుల్లో ఆమెకు సర్పి లేచింది. ఎడమపక్క నడికట్టు కట్టినట్టు పొక్కులు. అత్త ఆమె మంచం వసారాలోకి మార్పించి, వేపాకు పరిపించి, "ఇట్టాంటివి మేం ఎన్ని చూళ్ళా" అంది. పాస్టరు తిమోతి అయ్యగారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశాడు. పొక్కులు ఎండి రాలిపోయాయి. ఆ వారమే ఆమెను సాక్ష్యానికి నిలబెట్టారు. "అమ్మా, ఒంటిమీద ఒక్క పొక్కయినా ఉందా?" అని ఆయన అడిగాడు. లేదయ్యా అంది. మందిరమంతా హల్లెలూయ అని లేచింది. నొప్పి ఉందా అని ఆయన అడగలేదు. ఉంటే మాత్రం, నాలుగు రోజులకు అదీ పోతుందిలే అని ఆమె అనుకుంది. పోలేదు. చర్మం నున్నగా అయింది, దాని కింద నిప్పు అట్లాగే ఉండిపోయింది. ఎవరో ఆ సాక్ష్యాన్ని ఫోనులో తీసి పంపించారు. బోగోలు నుంచి, మైపాడు నుంచి జబ్బుమనుషులు ఆమెను చూడటానికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు కాఫీ పెట్టడం, ఎట్లా బాగయిందో చెప్పడం ఆమె పనుల్లో చేరింది. ఒక ముసలామె ఆమె చెయ్యి గుంజి కళ్ళకద్దుకుంది. ఆ గుంజుడికి పైట పక్కటెముకల మీద రాసుకుపోయింది. కరుణ పళ్ళు బిగబట్టింది. ముసలామెకు అది నవ్వులాగే కనిపించింది.

బాగయిందని చెప్పిన మనిషికి మూలిగే హక్కు ఉండదని ఆమెకు అప్పుడు తెలిసింది. "సాక్ష్యం చెప్పిన నోటితోనే మూలుగుతుండావా?" అంది అత్త. "మళ్ళీ ఆస్పత్రికి పోతే నా మొహం యాడ పెట్టుకోవాల? కనపడని నొప్పి మనసులో ఉంటది. బైబిలు చదువుకో" అన్నాడు క్రీస్తురాజు. ఆయన ఇంట్లో చొక్కా విప్పి తిరుగుతాడు. గుడ్డ తగిలితే మండే మనిషి మాత్రం జాకెట్టు, దాని మీద పైట, ఎవరైనా వస్తే పైట మీద చెయ్యి. రాత్రి ఆయన చెయ్యి మీద పడితే ఆమె ఊపిరి బిగబట్టి, ఆయన నిద్రపోయేదాకా ఆగి, బాత్రూములో తడిబండల మీదికి పోయి కుడిపక్కకు పడుకునేది. ఆ నెలల్లో ఆమె గోడలతో మాట్లాడింది, దేవుడితో మాట్లాడింది. దేవుడు కూడా ఆయన తరఫున విన్నట్టే అనిపించింది.

కళ్ళజోడుకని చెప్పి ఒకరోజు నెల్లూరు పోయింది. డాక్టరమ్మ దూదితో పక్కన అలా తాకిందో లేదో, కరుణ కుర్చీలోంచి లేచిపోయింది. "నరం దెబ్బతిందమ్మా. పొక్కులు పోయినాయన్న సంగతి నరానికి తెలియదు" అంది ఆమె. ఆ మాటకు కరుణ అక్కడే ఏడ్చింది, నొప్పికి కాదు, ఒక మనిషి నమ్మినందుకు. రాసిచ్చిన మాత్రలు మింగితే తల తిరిగి పొయ్యి దగ్గర పడింది. "పొద్దస్తమానం నిద్రేంది, జమీందారు కూతురివా?" అంది అత్త. మాత్రలు తగ్గిస్తే మంట పెరిగింది. మార్చి ఇచ్చినవీ అంతే. చివరిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కలం మూత పెట్టి, "కొన్ని దేశాల్లో ఇట్లాంటి నరాల నొప్పికి గంజాయి నుంచి తీసిన మందు డాక్టర్లే రాస్తారు. అందరికీ పనిచేస్తుందని చెప్పను, కొందరికి చేస్తుంది. ఇక్కడ నేను రాసిచ్చి నువ్వు షాపులో తెచ్చుకునే దారి లేదు. చట్టం మారాలి" అంది.

"ఎప్పుడు మారుద్దమ్మా?"

డాక్టరమ్మ ఆయాను పిలిచి ఫ్యాను పెంచమంది.

ఎలిశబెతు ఎండుచేపలమ్ముకునే మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. కరుణ నొప్పి సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుళాయి దగ్గర చూసి పట్టేసింది. "ఏందిమే, బిందె ఎప్పుడూ కుడిచంకనే ఎత్తుతుండావు? ఎడమది అద్దెకిచ్చినావా?" కరుణ నవ్వబోయి ఏడ్చింది. ఆ సాయంత్రం ఎలిశబెతు చింతగింజంత బెల్లపుండ తెచ్చి అరచేతిలో పెట్టింది. "గుంటల కాడ కాపలావాళ్ళు పీల్చే ఆకే, బెల్లంలో కలిపినా. కడుపులో పుండుతో మా ఆయన గిలగిల్లాడే దినాల్లో రవ్వంత నెమ్మదిచ్చింది ఇదే. చేదుగా ఉంటది, మింగు."

ఆ రాత్రి నొప్పి పోలేదు. కానీ ఒంటిమీది నుంచి లేచి పక్కగదిలోకి పోయి కూర్చున్నట్టయింది. అది అక్కడ ఉందని తెలుస్తూనే ఉంది, అయినా నిద్ర పట్టింది. పొద్దున లేచి కోడళ్ళందరూ చేసే పనులే చేసింది, కాకపోతే పాట పాడుకుంటూ చేసింది. "చూసినావా, బైబిలు చదవమంటినే" అన్నాడు క్రీస్తురాజు.

పది రోజుల కింద పోలీసులు అల్లూరు రోడ్డులో ఆటో ఆపి బుట్టలు వెతికారు. ఎలిశబెతు ఎండుచేపల కింద గంజాయి పొట్లం దొరికింది. ఎవరికని అడిగితే నాకే అంది. చిన్న పొట్లం కాబట్టి బెయిలు మీద వదిలారు, కేసు మాత్రం ఉంది. కుర్రాళ్ళకు అమ్ముతోందని ఊళ్ళో పుకారు పుట్టించారు. సంఘపెద్దలు కూర్చుని ఆమె పేరు తీసేయాలనుకున్నారు. సంఘంలో పేరు లేకపోతే సమాధులతోటలో చోటు ఉండదు. అక్కడ భర్త పక్కన తన కోసం వదిలిన జాగాలో ఎలిశబెతు బంతిమొక్కలు వేసుకుంది.

అప్పటినుంచి కరుణకు ఉండ లేదు. మంట వచ్చి మళ్ళీ తన చోట కూర్చుంది. గుంటల్లో చల్లే విషపు మందు డబ్బాలు గట్టు మీది షెడ్డులో ఏ మూలన ఉంటాయో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. పని ఏమీ లేకుండానే గుర్తొచ్చింది. చీపురు పట్టుకుని వాకిలి మళ్ళీ ఊడ్చింది. నిన్న పెరటి కంచె దగ్గరికి ఎలిశబెతు వచ్చింది.

"నువ్వు నోరు తెరవబాకమ్మే. నాకు మొగుడు లేడు, అత్త లేదు. నన్నేం చేస్తారు? నీకైతే ఇల్లు నరకం చేస్తారు."

"ఇప్పుడేమన్నా స్వర్గమా అక్కా?"

"నన్ను యాడ పూడ్చినా ఒకటే మట్టి" అంది ఎలిశబెతు. అని అక్కడే కంచె పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. ఎలిశబెతు గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన. పాటలయ్యాయి. క్రీస్తురాజు మోకాలికి ప్రార్థన అయింది. తిమోతి అయ్యగారు మైకులో కరుణమ్మగారు అని పిలిచాడు. ఆమె లేచింది. చెమటకు జాకెట్టు పక్కటెముకలకు అతుక్కుపోయి ఒక్కొక్క అడుగూ దాన్ని ఊడబెరుకుతున్నట్టుంది. చెప్పి కూర్చుంటే అయిపోతుంది. వచ్చే ఏడాది మళ్ళీ చెప్పాలి. ఎలిశబెతు పేరు తీసేసినా చెప్పాలి, తను చచ్చేదాకా చెప్పాలి. చచ్చాక తనకు సమాధులతోటలో మంచి చోటే దొరుకుతుంది.

"ప్రభువుకు స్తోత్రం" అంది.

"స్తోత్రం" అన్నారందరూ.

"అయ్యగారు నిరుడు పొక్కులున్నాయా అని అడిగినారు. లేవని చెప్పినా. అది నిజమే. మంట ఉందా అని ఎవురూ అడగలా. ఉంది. ఏడాదిగా ఉంది. ఇప్పుడు గూడా ఉంది. మీతో మాట్లాడతా ఉంటే కాల్తా ఉంది."

ఆమె గుమ్మం దగ్గర చెప్పుల వైపు చూసింది.

"ఎలిశబెతక్క బుట్టలో దొరికింది నాది. నేను తెమ్మంటేనే తెచ్చింది. దాంతోనే నేను నిద్రపోయినా. కుర్రోళ్ళు చెడిపోయే దాన్ని నేను మంచిదనను. అయితే డాక్టరమ్మ రాసిచ్చేటట్టు, ఆస్పత్రిలో కొలిచి ఇచ్చేటట్టు ఉంటే అక్క చేపల కింద ఎందుకు దాచేది? నేనెందుకు దొంగ మాదిరి మింగేదాన్ని? బ్రాందీ షాపుకు లైసెన్సు ఇస్తారు. తాగి పెళ్ళాన్ని కొట్టినోడికి ప్రార్థన చేసి, మళ్ళీ ముందు వరసలో కూచోబెడతారు. నొప్పికి మింగినదానికి పోలీసులు, వెలి. ఆ చట్టం మార్చమని మనం ఒక్కసారన్నా ప్రార్థన చేసినామా అయ్యా?"

"కూచోమ్మా, ఆవేశపడొద్దు" అన్నాడు తిమోతి అయ్యగారు.

"గంజాయి మింగుతాదంట! సంఘపెద్ద పెళ్ళాం!" మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు.

"మ్మే కరుణా" అంది వెనకాల గోడకానుకుని ఉన్న ఒక ముసలామె, గుసగుసగానే అయినా అందరికీ వినబడేట్టు. "నడుముకు గూడా పనిచేస్తదా అది?"

ఎవరో ఆమె నోరు మూశారు. క్రీస్తురాజు లేచాడు. కుంటకుండా నడిచి వచ్చి మైకు తీగ పీకేశాడు. మైకు లేని గొంతుతో కరుణ, "అక్క పేరు కొట్టేస్తే దాని కింద నాది గూడా కొట్టేయండి" అంది. ఆ మాట గుమ్మం దాకా వినబడిందో లేదో ఆమెకు తెలియదు.

ఇద్దరి సంగతీ పెద్దలు మాట్లాడతారని చెప్పి పాస్టరు త్వరగా ఆశీర్వాదం ఇచ్చేశాడు. జనం చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. "నీ మీద గూడా కేసు పెడతారు, మా కొంప ముంచినావు" అని అత్త పైటచెంగు నోట్లో కుక్కుకుంటూ పోయింది. ఎవరూ తినలేదు. సంఘమంతటికీ వండిన అన్నం, పులుసు మందిరం వసారాలో మూతలతో ఉండిపోయాయి.

కరుణ చాలాసేపటికి రెండు విస్తళ్ళు వేసింది. ఎలిశబెతు వచ్చి ఆమెకు కుడివైపున కూర్చుంది. కరుణ వడ్డించింది. మగవాళ్ళు తినకముందు ఆ వసారాలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కూర్చుంది. రాత్రికి నొప్పి ఏం చేస్తుందో, రేపు ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించే ఓపిక లేక అన్నం కలిపింది.

కాసేపటికి క్రీస్తురాజు మందిరంలోంచి వచ్చాడు. నిలబడి చూశాడు. ఆమె లేస్తుందేమోనని ఆగాడు. లేవలేదు. ఆయనే విస్తరి తీసుకున్నాడు, గరిటె వెతుక్కున్నాడు, వంగి వడ్డించుకున్నాడు. ఆమెకు ఎడమవైపున మిగిలిన చోట, మూరెడు దూరం వదిలి, విస్తరి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ దూరం అసహ్యంతో వదిలిందో, ఆమె నొప్పిని నమ్మి వదిలిందో తెలుసుకోడానికి ఆమె మొహం తిప్పి చూడలేదు. ముగ్గురూ తిన్నారు. ముద్ద కలిపినప్పుడల్లా ఆయన మోచేయి లేచింది, దిగింది. ఒక్కసారి కూడా ఆమెకు తగల్లేదు.