మొదటి రకం టికెట్టు

టికెట్ల బాబాయి మూడు రకాల టికెట్ల ధరలనూ తెర మీద పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ గాజుతలుపు కొట్లో అదే ఉద్యోగం, అదే కుర్చీ. దాని చేతుల మీద, అతని మోచేతులు ఆనినంత మేరా రంగు పోయింది. ఊళ్లో సగం మందిని విమానం ఎక్కించిన మనిషి తను ఎక్కింది రెండేసార్లు.

ఎదురుగా కూర్చున్న కుట్టుపని ఆవిడ తన తల్లి ఆపరేషన్‌కి వెళ్లాలి.

"చౌకది చాలు బాబాయ్."

"మొదటి రకం చౌకేనమ్మా. కానీ తేదీ మారదు, మానుకుంటే చిల్లిగవ్వ రాదు. రెండోదాన్లో తేదీ మార్చుకోవచ్చు. ఆ రోజు ధర పెరిగితే తేడా కట్టాలి. మూడోది మానుకుంటే డబ్బు వెనక్కిస్తారు, కాకపోతే మూడు రోజుల ముందే చెప్పాలి. ఒంట్లో బాగాలేనివాళ్ల దగ్గరికి వెళ్తున్నావు, రెండోది తీసుకో. అక్కడ ఎలా ఉంటుందో ఇప్పుడే ఎవరికి తెలుసు?"

ఆ మాట అన్నాక అతను కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు.

నెల కిందట, అక్క మంచం పట్టిందని తెలిసిన రోజే తనకూ టికెట్టు కొనుక్కున్నాడు. ఇరవయ్యో తేదీకి. అమ్మ పోయాక తల దువ్వి బడికి పంపింది అక్కే. తమ్ముడి చదువయ్యేదాకా పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. అలాంటి అక్కను చూడ్డానికి, మూడు ధరలూ చూసి చూసి, మొదటి రకమే నొక్కాడు. అలవాటు కొద్దీ అలా నొక్కానని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం ఆమె ఫోన్ చేసింది.

"ఒరే, ఈ వారమే రాలేవా?"

"టికెట్టు మారదక్కా."

"సరేలే, ఇరవయ్యో తారీకే రా. నేనెక్కడికి పోతాను?"

ఇంకో టికెట్టు కొనే డబ్బు అతని దగ్గర ఉంది. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని మూడు రోజులుగా అనిపిస్తోంది.

కుట్టుపని ఆవిడ రెండో రకం తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ దణ్ణం అతనికి ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, అలాగే మూసేశాడు. మర్నాటి పొద్దుటి విమానంలో సీటు వెతికి, ఈసారి ధర వైపు చూడకుండా కొన్నాడు. ఆ మాట చెబుదామని అక్కకు ఫోన్ చేశాడు.

బావ ఎత్తాడు.

"పావుగంటయింది," అన్నాడు బావ. "నిద్రలోనే."

సంగతి తెలిసి కొట్టు యజమాని పక్కన వచ్చి నిలబడ్డాడు. ఓదార్చడం చేతకాక, తనకు తెలిసిందేదో చెప్పాడు. "బాబాయ్, ఆ పాత టికెట్టు డబ్బు వెనక్కొస్తుంది. చనిపోయినట్టు కాగితం జతచేస్తే ఇస్తారు."

"తెలుసు," అన్నాడు. ఆ నిబంధన ఎంతమందికో తనే చదివి వినిపించాడు. తను మాత్రం ఆ డబ్బు అడగలేదు.

మర్నాడు అక్కడ దహనం పనులన్నీ అయ్యాక, బావ అతన్ని పక్కగదిలోకి తీసుకెళ్లాడు.

"నీకోసం మొన్ననే సర్దించింది. నువ్వు బ్రష్షు మర్చిపోయి వస్తావట."

మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దిండు పక్కన మడతపెట్టిన తువ్వాలు, దాని మీద అట్ట విప్పని కొత్త పళ్ల బ్రష్షు.